బయటి ప్యాకేజీ చెడిపోయినా మీ బిల్డ్ పైప్‌లైన్ దోపిడీకి గురికాకుండా ఏం చేయాలి?

2025 మార్చి 14న టీజే-యాక్షన్స్ చేంజ్డ్-ఫైల్స్ అనే గిట్‌హబ్ యాక్షన్ దుండగుల చేతికి చిక్కింది. బిల్డ్ పైప్‌లైన్‌లో, అంటే కోడ్‌ని తనంతట తానే తయారుచేసి, పరీక్షించి, విడుదల చేసే వరుసలో, ఒక పని చేసిపెట్టే రెడీమేడ్ కోడ్‌ని యాక్షన్ అంటారు. ఈ యాక్షన్ చేసే పని చాలా చిన్నది. ఫలానా పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్ మార్పు ప్రతిపాదనలో) ఏయే ఫైళ్లు మారాయో చెప్తుంది, అంతే. కానీ దాన్ని 23 వేలకు పైగా రిపోజిటరీలు (ప్రాజెక్టుల కోడ్ ఉండే చోట్లు) వాడుతున్నాయి. దాడి చేసినవాళ్లు కొత్త వెర్షనేదీ విడుదల చేయలేదు, ఉన్న వెర్షన్ ట్యాగుల్నే దాదాపు అన్నింటినీ ఒక చెడ్డ కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) వైపు తిప్పేశారు. దాంతో ఎవరి ఫైల్లోనూ ఒక్క అక్షరం మారకుండానే, ఆ రాత్రి నడిచిన బిల్డ్‌లలో వేరే కోడ్ నడిచింది. అది రన్నర్ (బిల్డ్ నడిచే మెషీన్) మెమరీని తిరగేసి అందులో ఉన్న సీక్రెట్లను (కీలు, టోకెన్లు, పాస్‌వర్డులు) ఏరి, బేస్64 అనే ఎన్‌కోడింగ్‌లో రెండుసార్లు చుట్టి బిల్డ్ లాగ్‌లో ప్రింట్ చేసింది. పబ్లిక్ రిపోజిటరీల లాగ్ ఎవరైనా చదవొచ్చు కాబట్టి దొంగిలించినది బయటికి పంపాల్సిన అవసరం కూడా వాళ్లకు రాలేదు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా టీముల్లో మొదట వినిపించే మాట "ఒక స్కానర్ పెడదాం" అని. స్కానర్ వద్దని అనను, కానీ అది ఇప్పటికే చెడ్డదని తేలిన దాన్నే పట్టుకుంటుంది, మార్చి 14 రాత్రి ఏ జాబితాలోనూ ఆ పేరు లేదు. బిల్డ్ మెషీన్ అంటే ఊరూ పేరూ తెలియని వందల మంది రాసిన కోడ్‌ని రోజూ నడిపే చోటు. అదే చోట మన క్లౌడ్ కీలు, పబ్లిష్ టోకెన్లు, డేటాబేస్ పాస్‌వర్డులు పెట్టుకుంటున్నాం, అది దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అందుకే ఇక్కడ చెప్పే క్రమం సీక్రెట్లతో మొదలవుతుంది, ప్యాకేజీల సంగతి ఆ తర్వాత. ఉదాహరణలకు గిట్‌హబ్ యాక్షన్స్, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఎన్‌పీఎం తీసుకున్నాను, అక్కడక్కడా పైథాన్ వస్తుంది. జెన్‌కిన్స్ వాడినా గిట్‌ల్యాబ్ వాడినా ఆలోచన ఇదే, మెనూలే వేరు.

మొదలుపెట్టే ముందు ఒక జాబితా

ఒక గంట కూర్చుని రెండు కాలమ్‌లు రాయండి. ఒకవైపు బిల్డ్‌లోకి బయటి నుంచి వచ్చేవన్నీ: యాక్షన్లు, ప్యాకేజీలు, డాకర్ బేస్ ఇమేజ్‌లు, కర్ల్‌తో దించి బ్యాష్‌కి అప్పగించే ఇన్‌స్టాల్ స్క్రిప్టులు, ఎన్‌పీఎక్స్‌తో అప్పటికప్పుడు నడిపే టూల్స్. రెండోవైపు ఆ బిల్డ్‌కి అందుబాటులో ఉన్న ప్రతి సీక్రెట్, దానితో ఏం చేయొచ్చు, ఎవరు ఎప్పుడు పెట్టారు.

నేను ఒక పాత ప్రాజెక్టుకి ఇది రాసినప్పుడు 14 సీక్రెట్లు తేలాయి. వాటిలో ఐదింటిని ఏ బిల్డూ వాడట్లేదు. ఒకటి రెండేళ్ల కిందట ఉద్యోగం మారిన ఆయన సొంత టోకెన్, ఇంకా పనిచేస్తోంది, ఆయన అకౌంట్‌కి అప్పట్లో ఉన్న అన్ని రిపోజిటరీల మీదా రాసే హక్కుతో సహా. వాడని వాటిని ఆ రోజే తీసేయండి. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత లాభం వచ్చే పని ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదు.

మొదటి అడుగు: బయటి కోడ్ నడిచే జాబ్‌లో సీక్రెట్ ఉండకూడదు

చాలామంది పొరపడేది ఇక్కడే. వర్క్‌ఫ్లో అంటే బిల్డ్ ఏం చేయాలో రాసిన ఫైల్, అందులో జాబ్‌లు, ఒక్కో జాబ్‌లో వరుసగా స్టెప్పులు ఉంటాయి. వర్క్‌ఫ్లో ఫైల్లో సీక్రెట్‌ని పైన కాకుండా ఒక్క డిప్లాయ్ స్టెప్‌కే ఇచ్చాం కదా, మిగతా స్టెప్పులకు కనిపించదు కదా అనుకుంటారు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా కనిపించదు, నిజమే. కానీ జాబ్‌లో ఎక్కడ వాడిన సీక్రెట్ అయినా రన్నర్ ప్రాసెస్ మెమరీలో ఉంటుంది. గిట్‌హబ్ ఇచ్చే లినక్స్ రన్నర్‌లో ఏ స్టెప్ అయినా పాస్‌వర్డ్ లేకుండా సూడో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడపడం) వాడొచ్చు. అంటే మూడో స్టెప్‌లో నడిచిన ప్యాకేజీ, ఎనిమిదో స్టెప్ కోసం ఉంచిన కీని ఆ మెమరీ నుంచి లాగేయగలదు. టీజే-యాక్షన్స్ దాడిలో జరిగింది సరిగ్గా ఇదే. స్టెప్పుకీ స్టెప్పుకీ మధ్య గోడ లేదు. జాబ్‌కీ జాబ్‌కీ మధ్య ఉంది, ఎందుకంటే గిట్‌హబ్ ఇచ్చే రన్నర్లలో ప్రతి జాబ్ వేరే కొత్త మెషీన్ మీద నడుస్తుంది.

కాబట్టి పైప్‌లైన్‌ని రెండు జాబ్‌లుగా విడగొట్టండి. మొదటిది డిపెండెన్సీలు (మీ కోడ్ ఆధారపడే బయటి ప్యాకేజీలు) దించుతుంది, బిల్డ్ చేస్తుంది, టెస్టులు నడుపుతుంది, చివర్లో తయారైన ఫైల్‌ని ఆర్టిఫ్యాక్ట్‌గా అప్‌లోడ్ చేస్తుంది. దీనికి ఒక్క సీక్రెట్ కూడా ఇవ్వకండి. రెండోది ఆ ఆర్టిఫ్యాక్ట్‌ని దించుకుని డిప్లాయ్ లేదా పబ్లిష్ మాత్రమే చేస్తుంది. ఇందులో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఉండదు, టెస్టులు ఉండవు, బయటివాళ్ల యాక్షన్లు వీలైనంత తక్కువ. ఎన్‌పీఎం ప్యాకేజీ పబ్లిష్ చేసేవాళ్లయితే మొదటి జాబ్‌లోనే ఎన్‌పీఎం ప్యాక్ కొట్టి, వచ్చిన టార్ ఫైల్‌నే రెండో జాబ్‌లో పబ్లిష్ చేయండి, అక్కడ మళ్లీ బిల్డ్ చేయకండి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చెడ్డ ప్యాకేజీ మొదటి జాబ్‌లో నడిస్తే మీ బిల్డ్ ఫైల్లోకే విషం కలపొచ్చు, దాన్ని ఈ విభజన ఆపలేదు. మీ కీలు మాత్రం పోవు. ఇప్పటి దాడుల్లో ఎక్కువ భాగం కీల కోసమే వస్తున్నాయి, ఒక చోట దొరికిన కీతో ఇంకో పది చోట్లకి పాకడం కోసం.

ఇదే చోట పర్మిషన్స్ కూడా సరిచేయండి. ప్రతి జాబ్‌కీ గిట్‌హబ్ ఒక టోకెన్ తనంతట తానే ఇస్తుంది, మీరు అడిగినా అడగకపోయినా. 2023 ఫిబ్రవరి తర్వాత తెరిచిన ఆర్గనైజేషన్లలో దానికి చదివే హక్కు మాత్రమే మామూలుగా వస్తుంది, అంతకుముందు వాటిలో ఎవరూ మార్చకపోతే ఇప్పటికీ రాసే హక్కు ఉండొచ్చు. వర్క్‌ఫ్లో పైభాగంలో పర్మిషన్స్ కింద కంటెంట్స్ రీడ్ అని రాసేయండి, ఎక్కువ కావాల్సిన జాబ్‌కి ఆ జాబ్‌లోనే విడిగా ఇవ్వండి. రిపోజిటరీ కోడ్‌ని మెషీన్ మీదికి దించే చెకవుట్ యాక్షన్‌లో పర్సిస్ట్-క్రెడెన్షియల్స్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయండి, లేకపోతే ఆ టోకెన్ తర్వాతి స్టెప్పులన్నింటికీ అందేలా మెషీన్ మీదే మిగిలిపోతుంది.

రెండో అడుగు: దాచుకునే కీలకు బదులు అప్పటికప్పుడు పుట్టే కీలు

రెండో జాబ్‌కి సీక్రెట్ కావాలి కదా అంటారు. ఎక్కువ సందర్భాల్లో అక్కర్లేదు. ఏడబ్ల్యూఎస్, అజూర్, గూగుల్ క్లౌడ్ మూడూ ఓఐడీసీ అనే గుర్తింపు పద్ధతిని ఒప్పుకుంటాయి. ఫలానా రిపోజిటరీలోని ఫలానా బ్రాంచ్ నుంచి వచ్చిన జాబ్ ఇది అని గిట్‌హబ్ సంతకం చేసి ఇస్తుంది, క్లౌడ్ దాన్ని పరీక్షించి కొద్దిసేపటికే చెల్లే కీ ఇస్తుంది. డిప్లాయ్ జాబ్‌కి మాత్రమే ఐడీ-టోకెన్ రైట్ పర్మిషన్ ఇవ్వండి.

క్లౌడ్ వైపు రాసే షరతు దగ్గర జాగ్రత్త. అక్కడ ఆడియన్స్ (ఆ సంతకం ఎవరి కోసమో) ఒక్కటే సరిచూసి సబ్జెక్ట్ (అది ఎక్కడి జాబ్‌దో) వదిలేస్తే, గిట్‌హబ్‌లో ఎవరి రిపోజిటరీ నుంచైనా మీ రోల్‌లోకి దూరే వీలు ఏర్పడొచ్చు. సబ్జెక్ట్‌లో రిపోజిటరీ పేరు, బ్రాంచ్ లేదా ఎన్విరాన్‌మెంట్ పేరు పూర్తిగా రాయండి, నక్షత్రం గుర్తు పెట్టి వదలకండి.

ప్యాకేజీలు పబ్లిష్ చేసేవాళ్లకి ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది, అంటే దాచిన టోకెన్ లేకుండా ఓఐడీసీతోనే పబ్లిష్ చేయడం. పైథాన్ ప్యాకేజీల రిజిస్ట్రీ పైపీఐలో 2023 ఏప్రిల్ నుంచి, ఎన్‌పీఎంలో 2025 జులై నుంచి. ఇది పెట్టాక పాత టోకెన్‌ని రద్దు చేయడం మర్చిపోకండి. కొత్త పద్ధతి పనిచేస్తోంది కదా అని పాతదాన్ని అలాగే వదిలేస్తే చేసిన పనికి ఫలితం లేదు.

మూడో అడుగు: ట్యాగ్ కాదు, కమిట్ హ్యాష్

ఇప్పుడు మీ వర్క్‌ఫ్లోలో యూజెస్ అని ఉన్న లైన్లు చూడండి. యాక్షన్ పేరు, ఆ తర్వాత ఎట్ గుర్తు, ఆ తర్వాత వీ4 అనో వీ45 అనో ఉంటుంది. ఆ వీ4 అనేది యాక్షన్ యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంకో చోటికి తిప్పగల బోర్డు మాత్రమే. దాని స్థానంలో 40 అక్షరాల పూర్తి కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌కి వేలిముద్ర లాంటిది) పెట్టండి, పక్కన కామెంట్‌గా వెర్షన్ నంబర్ రాయండి. డిపెండెన్సీల్ని అప్‌డేట్ చేసే డిపెండబాట్, రెనోవేట్ టూల్స్ రెండూ ఆ హ్యాష్‌నీ కామెంట్‌నీ కలిపే అప్‌డేట్ చేస్తాయి, కాబట్టి చేతితో వెతుక్కునే బాధ ఉండదు. ఉన్న ఫైళ్లన్నీ ఒకేసారి మార్చడానికి పినాక్ట్ అనే టూల్ ఉంది. హ్యాష్ లేకపోతే వర్క్‌ఫ్లో నడవకూడదనే పాలసీని 2025 ఆగస్టు నుంచి గిట్‌హబ్ సెట్టింగ్స్‌లోనే పెట్టుకోవచ్చు.

హ్యాష్‌ని ఆ రిపోజిటరీ రిలీజ్ పేజీ నుంచే తీసుకోండి, పుల్ రిక్వెస్ట్‌లో ఎవరో రాసినది కాపీ చేయకండి. ఫోర్క్‌లో (వేరేవాళ్లు చేసుకున్న రిపోజిటరీ కాపీలో) ఉన్న కమిట్‌ని కూడా అసలు రిపోజిటరీ పేరుతో పిలిస్తే గిట్‌హబ్ ఇచ్చేస్తుంది, కాబట్టి హ్యాష్ ఉందంటే అది నిజంగా ఆ ప్రాజెక్టు వాళ్లు రాసిందే అని అర్థం కాదు. జిజ్‌మోర్ అనే టూల్ ఇలాంటి దొంగ కమిట్లను, ఇంకా వర్క్‌ఫ్లో ఫైళ్లలో ఉండే చాలా తప్పుల్ని పట్టిస్తుంది. ఈ వారం ఒక్క టూలే పెట్టగలను అంటే నేను దీన్నే పెట్టమంటాను.

ఇంకో చిక్కు: మీరు హ్యాష్‌తో కట్టేసిన యాక్షన్ లోపల ఇంకో యాక్షన్‌ని ట్యాగ్‌తో పిలవొచ్చు. టీజే-యాక్షన్స్ కథ వెనక ఉన్నది ఈ గొలుసే. ముందు స్పాట్‌బగ్స్ ప్రాజెక్టులో ఒక మెయింటెయినర్ (ప్రాజెక్టు చూసుకునే మనిషి) టోకెన్ పోయింది, దానితో రివ్యూడాగ్ అనే ఇంకో ప్రాజెక్టులోకి వెళ్లారు, రివ్యూడాగ్ యాక్షన్‌ని టీజే-యాక్షన్స్ వాళ్ల సొంత బిల్డ్ వాడుతోంది కాబట్టి అక్కడి బాట్ టోకెన్ దొరికింది. అందుకే ముఖ్యమైన జాబ్‌లలో వాడే యాక్షన్ సోర్స్‌ని ఒకసారి తెరిచి చూడండి. మారిన ఫైళ్ల జాబితా లాంటివి గిట్ డిఫ్‌తో రెండు లైన్లలో వచ్చేస్తాయి, దానికి బయటి యాక్షన్ ఎందుకు?

డాకర్ బేస్ ఇమేజ్‌లకీ ఇదే మాట. నోడ్ 22 అనే ట్యాగ్‌కి బదులు షా256 డైజెస్ట్ (ఆ ఇమేజ్ హ్యాష్) రాయండి.

నాలుగో అడుగు: లాక్ ఫైల్‌ని నిజంగా లాక్ చేయడం

లాక్ ఫైల్ (ప్రతి ప్యాకేజీ కచ్చితంగా ఏ వెర్షనో రాసి ఉంచే ఫైల్) ఉన్నా బిల్డ్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ నడుపుతుంటారు. ప్యాకేజ్ ఫైల్‌కీ లాక్ ఫైల్‌కీ పొంతన కుదరకపోతే ఆ కమాండ్ లాక్‌ని చప్పుడు చేయకుండా మార్చేస్తుంది. ఎన్‌పీఎం సీఐ అనే కమాండ్ వాడితే పొంతన లేనప్పుడు బిల్డ్ ఆగిపోతుంది. మనకి కావాల్సింది అదే. పైథాన్‌లో పిప్-కంపైల్‌తో హ్యాష్‌లు తయారుచేసి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రిక్వైర్-హ్యాషెస్ ఫ్లాగ్ ఇవ్వండి, యూవీ అనే పైథాన్ ప్యాకేజీ టూల్ వాడేవాళ్లకి లాక్ ఫైల్లోనే హ్యాష్‌లు ఉంటాయి.

అంతా చేశాక కూడా ఒక చోట చిల్లు మిగులుతుంది. బిల్డ్ స్క్రిప్టు మధ్యలో ఎన్‌పీఎక్స్ అని, పక్కన ప్రాజెక్టులో లేని టూల్ పేరు ఉంటే, అది లాక్ ఫైల్‌తో సంబంధం లేకుండా ఆ క్షణంలో ఉన్న తాజా వెర్షన్‌ని దించి నడుపుతుంది. ఆ టూల్‌ని డెవ్ డిపెండెన్సీగా చేర్చేయండి. కర్ల్‌తో దించే స్క్రిప్టుల సంగతి ఇంకా ఘోరం. 2021లో టెస్ట్ కవరేజ్ చూపే కోడ్‌కవ్ వాళ్ల బ్యాష్ అప్‌లోడర్‌ని ఎవరో మార్చేస్తే, జనవరి 31 నుంచి ఏప్రిల్ 1 దాకా రెండు నెలలు అది కస్టమర్ల బిల్డ్‌ల నుంచి సీక్రెట్లు మోసుకుపోయింది. చివరికి బయటపడింది ఎలాగంటే, ఒక కస్టమర్ తాను దించిన ఫైల్ హ్యాష్‌నీ గిట్‌హబ్‌లో ప్రకటించిన హ్యాష్‌నీ పోల్చి చూస్తే రెండూ కలవలేదు. అంతమందిలో ఆ ఒక్కరు చేసిన పని మనందరం చేయొచ్చు: దించిన ఫైల్‌ని రిపోజిటరీలో రాసిపెట్టుకున్న షా256తో సరిపోల్చే ఒక్క లైన్.

పుల్ రిక్వెస్ట్ చూసేటప్పుడు లాక్ ఫైల్ మార్పుల్ని మడిచేసి పక్కన పెట్టడం మనకి అలవాటు. తెరిచి చూడండి. ప్రతి ప్యాకేజీ కింద రిజాల్వ్డ్ అనే లైన్‌లో ఏ సర్వర్ నుంచి దించాలో ఉంటుంది, దాని కింద ఇంటెగ్రిటీ అని హ్యాష్. వెర్షన్ నంబర్ మారకుండా ఈ రెండే మారాయంటే ఆ పుల్ రిక్వెస్ట్‌ని అక్కడే ఆపండి. ఇది కళ్లతో చేయడం కష్టం కాబట్టి లాక్‌ఫైల్-లింట్ పెట్టుకుంటే తెలియని సర్వర్ పేరు కనిపించగానే అరుస్తుంది.

ఐదో అడుగు: ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ఆపడం

2025 ఆగస్టు 26న ఎన్ఎక్స్ అనే బిల్డ్ టూల్ ప్యాకేజీల చెడ్డ వెర్షన్లు ఎన్‌పీఎంలోకి వచ్చాయి. కోడ్‌ని ఎవరూ పిలవక్కర్లేదు, పోస్ట్-ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఇన్‌స్టాల్ కాగానే దానంతట అదే నడిచి, టోకెన్లు వెతికి, బాధితుల సొంత గిట్‌హబ్ అకౌంట్‌లోనే పబ్లిక్ రిపోజిటరీ తెరిచి అందులో పెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో షాయ్-హులూద్ పురుగు (ప్యాకేజీ నుంచి ప్యాకేజీకి తనంతట తానే పాకే మాల్వేర్) రెండోసారి వచ్చినప్పుడు ప్రీ-ఇన్‌స్టాల్‌లోనే నడిచింది, అంటే ఇన్‌స్టాల్ పూర్తి కాకముందే పని అయిపోయింది.

ప్రాజెక్టులో ఎన్‌పీఎం సెట్టింగ్స్ ఉండే ఎన్‌పీఎంఆర్‌సీ ఫైల్లో ఇగ్నోర్-స్క్రిప్ట్స్‌ని ట్రూ చేయండి. ఒకటో రెండో ప్యాకేజీలకు నిజంగా స్క్రిప్టు అవసరం పడుతుంది, ఫొటోలు ప్రాసెస్ చేసే షార్ప్ లాంటి వాటికి కొన్ని సందర్భాల్లో. వాటికి మాత్రం ఇన్‌స్టాల్ తర్వాత ఎన్‌పీఎం రీబిల్డ్‌ని ఆ ప్యాకేజీ పేరుతో, ఇగ్నోర్-స్క్రిప్ట్స్‌ని ఆ ఒక్కసారికి ఫాల్స్ చేసి నడపండి. ఇది పెట్టాక మీ సొంత ప్రీబిల్డ్, పోస్ట్‌బిల్డ్ స్క్రిప్టులు కూడా ఆగిపోతాయి, ముందే తెలియకపోతే సగం రోజు పోతుంది. వాటిని బిల్డ్ కమాండ్‌లోనే కలిపేయండి. ఎన్‌పీఎంకి బదులు వాడే పీఎన్‌పీఎంలో 10వ వెర్షన్ నుంచి డిపెండెన్సీల స్క్రిప్టులు మామూలుగానే ఆగి ఉంటాయి, అనుమతించిన వాటి జాబితా మీరే రాయాలి. పైథాన్‌లో సోర్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే దాని సెటప్ కోడ్ నడుస్తుంది, ఓన్లీ-బైనరీ ఫ్లాగ్‌తో వీల్స్ (ముందే బిల్డ్ చేసి ఉంచిన ప్యాకేజీలు) మాత్రమే తీసుకోండి.

స్క్రిప్టులు ఆపినా టెస్టుల్లో ఇంపోర్ట్ అయిన క్షణంలో ఆ కోడ్ నడవొచ్చు. మొదటి అడుగుని మొదటి అడుగుగా పెట్టింది ఇందుకే.

ఆరో అడుగు: కొత్త వెర్షన్ రాగానే తీసుకోకపోవడం

2025 సెప్టెంబర్ 8న చాక్, డీబగ్ సహా 18 ఎన్‌పీఎం ప్యాకేజీలు చెడిపోయాయి. వాటన్నిటికీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు. మెయింటెయినర్‌కి ఎన్‌పీఎం సపోర్ట్ పేరుతో, టూ ఫ్యాక్టర్ వివరాలు మార్చుకోమని ఒక ఫిషింగ్ మెయిల్ వచ్చింది, అంతే. ఆ వెర్షన్లు బతికింది దాదాపు రెండు గంటలు. ఎన్ఎక్స్ వెర్షన్లు కూడా కొన్ని గంటల్లోనే పోయాయి. ఒక్క వారం ఆగి తీసుకునే అలవాటు ఉన్న టీమ్‌కి ఈ రెండూ పేపర్లో చదివే వార్తలు.

రెనోవేట్‌లోనూ పీఎన్‌పీఎంలోనూ మినిమమ్ రిలీజ్ ఏజ్ అనే సెట్టింగ్ ఉంది, డిపెండబాట్‌లో దీన్ని కూల్‌డౌన్ అంటారు. పీఎన్‌పీఎంలో నిమిషాల లెక్క కాబట్టి ఏడు రోజులకు 10080 అని రాయాలి. యూవీలో ఎక్స్‌క్లూడ్-న్యూయర్ ఉంది. మరి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆలస్యమవుతాయి కదా అని టెన్షన్ పడక్కర్లేదు, డిపెండబాట్ సెక్యూరిటీ అప్‌డేట్లకి కూల్‌డౌన్ వర్తించదు.

ఓపిక పట్టి వచ్చే దాడులకి మాత్రం వారం సరిపోదు. ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ టూల్ చెడ్డ వెర్షన్ 5.6.0 విడుదలైంది 2024 ఫిబ్రవరి చివర్లో, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ పట్టుకుని లోకానికి చెప్పింది మార్చి 29న.

ఏడో అడుగు: పుల్ రిక్వెస్ట్ టార్గెట్, క్యాష్

పుల్ రిక్వెస్ట్ టార్గెట్ అనే ట్రిగ్గర్ మీ రిపోజిటరీలో ఎక్కడైనా ఉందేమో ఇప్పుడే వెతకండి. మామూలు పుల్ రిక్వెస్ట్ ట్రిగ్గర్‌లో ఫోర్క్ నుంచి వచ్చిన కోడ్‌కి సీక్రెట్లు అందవు, ఈ ట్రిగ్గర్‌లో అందుతాయి. దీనితో పాటు ఫోర్క్ కోడ్‌ని చెకవుట్ చేసి నడిపితే ఎవరో తెలియని మనిషికి మీ మెషీన్ అప్పగించినట్టే. స్పాట్‌బగ్స్ టోకెన్ పోయింది ఇలాగే. కోడ్ నడపకపోయినా, పుల్ రిక్వెస్ట్ టైటిల్‌నో బ్రాంచ్ పేరునో నేరుగా షెల్ కమాండ్‌లో అతికిస్తే ఆ పేరే కమాండ్ అయి కూర్చుంటుంది. ఎన్ఎక్స్‌లో దారి ఇచ్చింది టైటిల్. 2024 డిసెంబర్‌లో పైథాన్ ప్యాకేజీ అల్ట్రాలిటిక్స్‌లో బ్రాంచ్ పేరు, అక్కడి నుంచి క్యాష్‌లో (బిల్డ్ వేగం కోసం దాచుకునే ఫైళ్లలో) విషం పెట్టి, 8.3.41 వెర్షన్‌లో క్రిప్టో మైనర్ దూర్చారు. అలాంటి విలువల్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోకి తీసుకుని, షెల్‌లో కోట్స్ మధ్య వాడండి. రిలీజ్ జాబ్‌లో క్యాష్ అసలు వాడకండి, బిల్డ్ మూడు నిమిషాలు ఆలస్యమైనా సరే.

ఎనిమిదో అడుగు: మీ ప్రైవేట్ పేర్లు, బయటికి వెళ్లే దారి

కంపెనీ లోపల వాడే ప్యాకేజీ పేరునే ఎవరో పబ్లిక్ రిజిస్ట్రీలో పెద్ద వెర్షన్ నంబర్‌తో పెడితే, బిల్డ్ అటువైపు వెళ్లిపోవచ్చు. 2021లో అలెక్స్ బిర్సాన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఇలాగే ఆపిల్, మైక్రోసాఫ్ట్ సహా 35కి పైగా కంపెనీల లోపలికి వెళ్లి చూపించాడు. 2022 డిసెంబర్‌లో పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ నైట్లీ బిల్డ్‌కి టార్చ్‌ట్రైటాన్ పేరుతో ఇదే తగిలింది. ఎన్‌పీఎంలో మీ స్కోప్ పేరు (ప్యాకేజీ పేరు ముందు వచ్చే కంపెనీ పేరు) రిజిస్టర్ చేసుకుని ఆ స్కోప్‌ని మీ రిజిస్ట్రీకే కట్టేయండి, పిప్‌లో ఎక్స్‌ట్రా-ఇండెక్స్ వాడకండి, అన్నీ ఒకే ప్రాక్సీ ద్వారా రానివ్వండి.

హార్డెన్-రన్నర్ లాంటి టూల్స్ బిల్డ్ ఏయే సర్వర్లతో మాట్లాడుతోందో చూపిస్తాయి, జాబితాలో లేనివి ఆపుతాయి. టీజే-యాక్షన్స్ సంగతి మొదట బయటపెట్టింది ఇలాంటి నిఘానే. కాకపోతే దొంగసొత్తుని గిట్‌హబ్‌లోనే పెట్టే దాడుల్ని ఇది ఆపలేదు, గిట్‌హబ్‌కి దారి మూసేయలేం కదా.

తగిలిందని తెలిసిన రోజు

వర్క్‌ఫ్లోలు ఆపేయండి. చెడ్డ వెర్షన్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో తెలుసుకుని, ఆ మధ్య నడిచిన ప్రతి రన్ లాగ్‌ని కాపీ చేసి దాచాక, పబ్లిక్‌లో ఉన్నవి తొలగించండి. ఆ ప్యాకేజీ మీ లాక్ ఫైల్లోకి ఎప్పుడు వచ్చిందో గిట్ హిస్టరీలో వెతికితే తేలుతుంది, ప్రతి రిలీజ్‌కీ సిఫ్ట్ అనే టూల్‌తో ఎస్‌బామ్ (అందులో ఉన్న ప్యాకేజీల జాబితా) తీసి దాచుకునేవాళ్లకి ఈ పని పది నిమిషాలు.

కీల విషయంలో కొత్తవి తయారయ్యాక పాతవి తీద్దాం అని ఆగకండి. ముందు పాతవి రద్దు చేయండి, కాసేపు డిప్లాయ్ ఆగినా ఆగనివ్వండి. వరుస కూడా ముఖ్యం: పబ్లిష్ టోకెన్లు ముందు, ఎందుకంటే వాటితో మీ పేరు మీద మీ యూజర్లకి విషం వెళ్తుంది, ఆ తర్వాత క్లౌడ్, ఆ తర్వాత మిగతావి. మొదట రాసుకున్న రెండో కాలమ్ ఇప్పుడు పనికొస్తుంది. క్యాష్‌లన్నీ తుడిచేయండి, ఆ సమయంలో తయారైన ఇమేజ్‌లు తీసేసి మళ్లీ బిల్డ్ చేయండి. సొంత రన్నర్లు ఉంటే వాటిని తుడిచి మొదటి నుంచి పెట్టండి, మీరు పెట్టని రన్నర్ ఏదైనా జాబితాలో కొత్తగా చేరిందేమో చూడండి, నవంబర్‌లో వచ్చిన షాయ్-హులూద్ పురుగు అలాగే మకాం వేసింది. టీమ్‌లో అందరి అకౌంట్లలో తెలియని పబ్లిక్ రిపోజిటరీలు, కొత్త ఎస్ఎస్‌హెచ్ కీలు, కొత్త వర్క్‌ఫ్లో ఫైళ్లు వెతకండి. చివరగా ల్యాప్‌టాప్‌లు: అదే ప్యాకేజీని ఆ రోజు ఎవరు తమ మెషీన్ మీద ఇన్‌స్టాల్ చేశారో ఒక్కొక్కరినీ అడగండి, తప్పు పట్టకుండా అడగండి, ఎందుకంటే భయపడి చెప్పని ఒక్క మెషీన్‌లో మిగిలిన టోకెన్‌తో వాళ్లు మళ్లీ లోపలికి వస్తారు.